దండెం మీది ఉప్పు

పోచన్నకు గర్వం లేదు. ఈ సంగతి అతనే చెబుతాడు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ. తనకు తెలిసింది నలుగురికీ చెప్పకుండా దాచుకోవడం పాపమని అతని నమ్మకం. తెలియంది కూడా చెప్పగలగడం అంతకంటే పెద్ద పుణ్యమని మాత్రం పైకి అనేవాడు కాదు, చేసి చూపించేవాడు. చిన్నప్పుడు రాయికల్ పక్క గుట్టల్లో మేకలు కాశాడు కాబట్టి, నోరులేని జీవాన్ని దేన్నయినా ఒక్క పూట చూస్తే చాలు, దాని నడత మొత్తం చెప్పేస్తాడట. ఇరవై రెండేళ్లుగా దుబాయ్‌లో ఇనుప చువ్వలు కడుతున్నా ఆ విద్య తుప్పు పట్టలేదట. ఊరి లెక్కలో దుబాయే గానీ నిజానికి షార్జా ఎడారి అంచున ఉన్న సజ్జా క్యాంపు, పన్నెండో నంబరు గదిలో మిగతా ఐదుగురూ ఆ విద్యను రోజూ పప్పన్నంలో నంజుకుని తినేవాళ్లు.

క్యాంపులో పొద్దు నాలుగింటికే మొదలయ్యేది. స్నానాల గది ముందు వరుస, మెస్సు ముందు వరుస, బస్సు ముందు వరుస. ఆ తర్వాత గోడలను పోతపోసే యార్డులో పన్నెండున్నర దాకా ఎండ, మూడింటి నుంచి మళ్లీ ఎండ. సాయంత్రం ఆరున్నరకు బస్సు దిగగానే అందరూ చేసే మొదటి పని మెడ నుంచి మడమల దాకా ఒకటే గుడ్డగా ఉండే నీలం కవరాల్ విప్పి దండెం మీద వేయడం. ఉతుకుడు ఆదివారమే. మిగతా రోజులు రెండు జతలు మార్చి మార్చి తొడుక్కోవడమే. గుడ్డ ఆరేకొద్దీ నీలం మీద చెమట ఉప్పు తెల్లగా తేలేది. వీపు మీద పెద్ద దేశమొకటి, చంకల కింద రెండు దీవులు.

ఆ ఉప్పు కోసం మూస్ వచ్చేది.

మంచుదేశాల అడవుల్లో తిరిగే జంతువది, దుప్పి జాతిలో అన్నిటికన్నా పెద్దది. వీపు ఎత్తు బస్సు కిటికీ దాకా ఉండేది. భుజాల దగ్గర మూపురం, మెడ కింద వేలాడే తోలుసంచి, తల మీద రెండు చాటలు బోర్లించినట్టు కొమ్ములు. రెండేళ్ల కిందట, కరోనా సద్దుమణిగిన చలికాలంలో, ఒక సాయంత్రం ఎడారి దిక్కు నుంచి నడుచుకుంటూ వచ్చి దండెం ముందు నిలబడింది. ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. సజ్జాలో ఎవర్నీ ఎలా వచ్చావని అడగరు, ఏ వీసా మీద వచ్చావని అడుగుతారు. దాన్ని అదీ అడగలేదు. బస్సు డ్రైవర్ అమీర్ జాన్ ఫోన్లో వెతికి పేరు మూస్ అని చెప్పాడు. పోచన్న ఒప్పుకోలేదు.

"మూసు గీసు కాదు. ఇది కణుజు. మా గుట్టలల్ల ఉండేదే. దుబాయ్‌కొచ్చి జెర లావయింది, అంతే."

"చాచా, తుమ్హారే గావ్ మే ఇత్నా బడా?" అన్నాడు అమీర్ జాన్.

"తిండిని బట్టి ఉంటది భాయ్. నేను లావు గాలేదా?" అని పోచన్న తన పొట్ట చూపించాడు.

పేరు సంగతి అలా ఉంచితే, దాని నడత అతను నిజంగానే కనిపెట్టాడు. పొద్దున గాఫ్ చెట్ల దగ్గర ఆకు మేసేది. గాఫ్ అంటే వేరే ఏం కాదు, మన జమ్మి. ఎండ ఎక్కగానే క్యాంపు వెనకాల మురికినీళ్లు శుద్ధిచేసి వదిలే గుంటలో మెడలోతు దిగి నిలబడేది. వచ్చిన దారినే వచ్చేది, వెళ్లిన దారినే వెళ్లేది. కారు హారన్ కొట్టినా, లారీ బ్రేకు వేసినా పక్కకు జరిగేది కాదు. దానికి మంద లేదు, తోడు లేదు, కావాలని కూడా ఉన్నట్టు లేదు. ఒక చోట వరుసగా రెండు రోజులు పడుకునేది కాదు. చలికాలంలో కొమ్ములు రాలిపోతే మెస్సువాళ్లు వాటిని గుమ్మం పక్కన పెట్టి చెప్పులు పెట్టుకునే బల్లగా వాడుకున్నారు. ఎండాకాలానికి కొత్తవి మొలిచేవి.

పొద్దు గూకే వేళకు దండెం ఒక కొసన మొదలుపెట్టి, ఒక్కొక్క కవరాల్‌నూ రెండు మూడుసార్లు నాకి, ముందుకు నడిచేది. పోచన్న కవరాల్ మొదట ఉండేది. మొదట ఉండేలా అతనే రోజూ పరుగెత్తుకెళ్లి వేసేవాడు. "పనిచేసేటోని ఉప్పు దానికి ఎరుక. సీదా నా తానికే వస్తది సూడు," అనేవాడు.

మొదటిసారి అది ఒక కవరాల్‌ను దాటేసి పోయింది నేపాల్ వెల్డర్‌ది. అప్పుడెవరూ పట్టించుకోలేదు. వారానికి ఆ పిల్లవాడు నిచ్చెన మీంచి పడ్డాడు. కిడ్నీలు ఎండిపోయాయన్నారు. రెండోసారి దాటేసింది ఒక బెంగాలీ మేస్త్రీది. అతనికి క్లినిక్‌లో సెలైన్లు ఎక్కించి, కాగితం మీద అన్‌ఫిట్ అని రాసి, ఇంటికి పంపారు. మూడోసారికి అందరికీ అర్థమైంది. ఒంట్లో ఉప్పు కదలడం మానేసిన మనిషి గుడ్డను మూస్ ముట్టదు. ఆ తర్వాత క్యాంప్ బాస్ పొద్దుగూకే వేళకు నోటుబుక్కు పట్టుకుని దండెం దగ్గర నిలబడటం మొదలుపెట్టాడు. మూస్ దాటేసినవాడు మర్నాడు బస్సు ఎక్కడు, క్లినిక్‌కు వెళతాడు. క్లినిక్ నుంచి తిరిగి దండెం దాకా వచ్చినవాళ్లు తక్కువ. దానివల్ల ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో లెక్క లేదు. అయినా ఇంటికి పంపేస్తారన్న భయంతో ఆ వేళకు ఎవరి గుడ్డను వాళ్లు కనిపెట్టుకుని ఉండేవాళ్లు.

రెండువేల ఇరవై మూడు జూన్ పద్నాలుగున అది రత్నాకర్ కవరాల్‌ను దాటేసింది.

రత్నాకర్‌ది పోచన్న పక్క ఊరు, పక్క మంచం. ముప్పై ఐదేళ్లు, మాట తక్కువ. పెళ్లయి ఎనిమిదేళ్లయితే పెళ్లాంతో కలిసి ఉన్నది పదకొండు నెలలు. ఆ లెక్క భరించలేక అతని భార్య వాసంతి కూడా విమానం ఎక్కి అజ్మాన్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఇద్దరూ ఒకే దేశంలో ఉన్నారని ఊళ్లో వాళ్లను చూసి కుళ్లుకునేవాళ్లు. ఒకే దేశమే. ఆమె మేడం పదిహేను రోజులకొక ఆదివారం సాయంత్రం రెండు గంటలు బయటికి వదిలేది. అజ్మాన్ సముద్రం ఒడ్డున సిమెంటు బల్ల మీద వాళ్ల కాపురం ఆ రెండు గంటలే.

ఆ సాయంత్రం క్యాంప్ బాస్ ఫోన్ మాట్లాడుతూ వెనకబడ్డాడు. చూసింది పోచన్న, రత్నాకర్, ఇద్దరే.

"కాకా, సూసినవా?"

"సూసిన."

"గాలి అటు దిక్కు కొట్టింది. నా బట్టల వాసన దానికి తగల్లే."

"గాలేడిదిరా? ప్లాస్టిక్ సంచి గూడ కదుల్తలేదు."

రత్నాకర్ తన కవరాల్‌ను తడిమి చూసుకున్నాడు. నీలంగా, శుభ్రంగా, కొత్తదానిలా ఉంది. ఉప్పు చారిక ఒక్కటి లేదు. నలభై ఆరు డిగ్రీల్లో పొద్దంతా చువ్వలు మోసిన గుడ్డ అది.

"నీ పానం ఎట్లుంది?" అన్నాడు పోచన్న.

"మంచిగనే ఉంది. జెర తల తిరుగుతది, పిక్కలు గుంజుతయి. గివి ఎవ్వనికి లేవు? కాకా, చెప్పకే ఎవ్వలకు. నన్ను ఇంటికి తోలుతరు. వాసంతికి ఇంక పద్నాలుగు నెలల అగ్రిమెంటుంది. ఒక్కతి అయితది. గా ఇంట్ల దాని తోటి తెలుగుల మాట్లాడేటోళ్లు గూడ లేరు. నేను పోతె దానికి ఆదివారమే లేదు."

క్లినిక్‌కు పోరా అనాల్సిన చోట పోచన్న కాసేపు ఆలోచించాడు. అతను ఆలోచించినప్పుడల్లా ఎవరికో ఒకరికి కష్టం వచ్చేది. కాకపోతే అంతకుముందు ఆ కష్టాలు చిన్నవి.

"దానికి కావాల్సింది ఉప్పు. అంతే గద?" అన్నాడు.

మెస్సులో వంటవాడిని మాటల్లో పెట్టి ఉప్పు ప్యాకెట్ తెచ్చాడు. బకెట్టులో నీళ్లు పోసి గుప్పెళ్లతో కలిపాడు. కవరాల్‌ను అందులో ముంచి, చీరకు గంజి పెట్టినట్టు పిండి, దండెం మీద పరిచాడు. వీపు మీద ఇంకొంచెం చల్లాడు.

"ఎక్కువైతది కాకా."

"పనిచేసినట్టు కనవడాలె గదరా. చంకలకింద తక్కువ, ఈపు మీద ఎక్కువ. గియ్యన్ని నీకేం తెల్సు."

మర్నాడు క్యాంప్ బాస్ నోటుబుక్కుతో ముందే వచ్చి నిలబడ్డాడు. మూస్ వరుసగా వచ్చింది. పోచన్న గుడ్డ, దాని పక్కది, ఆ పక్కది. రత్నాకర్ కవరాల్ ముందు ఆగింది. వాసన చూసింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు నాకింది. క్యాంప్ బాస్ పేజీ తిప్పాడు. అది మాత్రం కదల్లేదు. ఒక కన్ను దండెం మీద ఉంచి రెండో కన్ను పోచన్న వైపు తిప్పింది. దాని కళ్లు రెండూ దేని దిక్కు అది తిరగగలవు. అలా చాలాసేపు నిలబడింది. ఏ గుడ్డ ముందూ అంతసేపు నిలబడింది లేదు.

"రుచి దొరికింది దానికి," అని పోచన్న రత్నాకర్ చెవిలో గొణిగాడు. "ఇడిసిపెడ్తలేదు సూడు."

ఆ రోజు నుంచి మూస్ నడతలో ఒక తేడా వచ్చింది. దండెం చివరిదాకా వెళ్లాక ఎడారి దారి పట్టేది కాదు. తిరిగి వచ్చి పన్నెండో నంబరు గది కిటికీ కింద, సరిగ్గా రత్నాకర్ మంచం అవతల, ముందు కాళ్లు మడిచి పడుకునేది. రోజూ అక్కడే. గదిలో ఎవరో అడిగారు, "కాకా, ఒక్కతాన రెండు దినాలు పండదంటివి?" అని.

"ముసల్దయింది. మోకాళ్ల నొప్పులు," అన్నాడు పోచన్న వెంటనే.

జూన్ ఇరవై ఐదు ఆదివారం రత్నాకర్ వెంట పోచన్న కూడా అజ్మాన్ వెళ్లాడు. మొగుడూ పెళ్లాల మధ్య మూడో మనిషి ఎందుకనే ఆలోచన అతనికి రాలేదు. తను ఉంటే వాళ్లకు కాలక్షేపమని అనుకునేవాడు. రత్నాకరే రమ్మన్నాడు నిజానికి. బస్‌స్టాప్ నుంచి సముద్రం దాకా నడిచేటప్పుడు ఎవరైనా పక్కన ఉంటే బాగుంటుందన్నాడు.

వాసంతి మేడం వంటింట్లో మేడం చూడకుండా సర్వపిండి కాల్చి, వెండి కాగితంలో చుట్టి తెచ్చింది. ముగ్గురూ కూర్చుని తిన్నారు. సముద్రం మీంచి వచ్చే గాలి తడిగుడ్డలా ముఖాలకు అతుక్కుంటోంది. పోచన్న మెడ మీంచి చెమట ధారగా కారుతోంది. వాసంతి కొంగుతో ముఖం తుడుచుకుంటూ, అదే కొంగుతో రత్నాకర్ మెడ తుడవబోయి ఆగింది.

"గింత ఉక్కపోతల నీ మెడ పొడిగున్నదేంది?"

"ఇప్పుడే తుడుసుకున్న."

"ఏంటితోని? చేతిరుమాలేది?"

రత్నాకర్ పోచన్న దిక్కు చూశాడు. వాసంతి కూడా అటే తిరిగింది.

"మామా, నువ్వు చెప్పు. నీకు అబద్ధం రాదు. ఆడినా దొరికిపోతవు. ఈయన పానం మంచిగనే ఉందా?"

"ఉంది బిడ్డా. ఉండక ఏమైతది?" అన్నాడు పోచన్న. అక్కడితో ఆగినా సరిపోయేది. "కణుజు సంగతి నీకెరుకనే గద. బాగలేనోని బట్టలు ముట్టది. వీని అంగి ముందట్నే అందరికన్న ఎక్కువసేపు నిలవడ్తది. అడుగు కావాల్నంటె."

వాసంతి ముఖం తేటపడింది. మనుషుల మాట నమ్మకపోయినా మూస్ మాట నమ్మకుండా ఉండలేదు. ఆ రోజు పోచన్న అబద్ధం దొరకలేదు. మంచి పనే చేశానని అతనికి అనిపించింది. ఆ ఊపులో మూస్‌ల కాపురం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అమీర్ జాన్ ఫోన్లో చూసింది పోచన్న నోట్లో పడేసరికి కళ్లారా చూసింది అయ్యేది.

"మగది ఒక దిక్కు, ఆడది ఒక దిక్కు ఉంటయి. ఏడాదికి పదిహేను దినాలే కలుస్తయి. ఆడది పిలుస్తది, మగది గుట్టలు దాటి, చెరువులు ఈదుకుంట వస్తది. గా పదిహేను దినాలు తిండి గూడ తినది. అయినంక దేని తొవ్వ దానిదే."

"పదిహేను దినాలా?" అని వాసంతి వేళ్లు ముడిచి ఏదో లెక్క వేసుకుంది. "మాకంటె నయమే."

రత్నాకర్ నవ్వాడు. ఆ నవ్వు పోచన్నకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. పెదాలు పగిలి, మధ్యలో సన్నటి రక్తం గీత.

"ఎప్పటికీ గట్లనేనా? ఒక్కతాన ఉండయా?" అన్నాడు.

"మంచు నడుముదాక పడ్డ ఏడాది ఉంటయి. గప్పుడు ఒక్కదానికి తొవ్వ చేసుకునుడు కాదు. అన్ని ఒక్కతాన కూడి, ఒకటి తొక్కిన అడుగులల్లనే ఇంకొకటి నడుస్తది. మంచు కరిగినంక మళ్ల దేనికి అదే."

"ఇక్కడ మంచేడ పడతది మామా," అంది వాసంతి, వెండి కాగితం మడిచి లేస్తూ. ఆరు కావస్తోంది.

జూలై నాలుగు, మంగళవారం, పదిన్నర అయి ఉంటుంది. మధ్యాహ్నం విరామానికి ఇంకా రెండు గంటలుంది. రత్నాకర్ కడుతున్న చువ్వల పంజరం పక్కన మెల్లగా కూర్చున్నాడు.

"కాకా," అన్నాడు, "సలి పెడ్తుందే."

పోచన్న చెయ్యి వేసి చూశాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఒక్క చుక్క తడి లేదు, కాగితాన్ని ముట్టుకున్నట్టుంది. సీసాలో నీళ్లన్నీ తల మీద పోశాడు. నీళ్లు జారిపోయాయి. నీడలోకి మోసుకుపోయారు. కవరాల్ మార్చాలి, వాసంతికి ఫోన్ చెయ్యాలి, ఆదివారం తొమ్మిదో తారీఖు అని రత్నాకర్ పొంతన లేకుండా ఏదేదో అన్నాడు. అంబులెన్సు వచ్చింది. బండిలో ఇంకొకరికి చోటు లేదన్నారు. దవాఖానకు చేరకముందే అయిపోయింది. కాగితం మీద గుండె ఆగి చనిపోయాడని రాశారు. అది అబద్ధం కాదు. గుండె ఆగకుండా ఎవరు చనిపోయారు గనక.

పన్నెండున్నరకు రత్నాకర్ ఫోన్ పోచన్న జేబులో మోగింది. మేడం చంటిపిల్ల నిద్రపోయే వేళకు వాసంతి రోజూ చేసేది.

"మామా, నువ్వెత్తినవేంది? ఆయనేడి?"

"పానం జెర బాగలేదు బిడ్డా. దవాఖానకు తీస్కపోయిండ్రు."

"నువ్వు తోడు పోలేదా?"

పోచన్న ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.  "నువ్వు తోడు పోలేదంటె, ఇగ ఆయన..." అంది వాసంతి. అంతవరకే అంది.

ఆ సాయంత్రం దండెం మీద ఒక చోటు ఖాళీగా ఉంది. మూస్ అందరి గుడ్డలూ నాకింది. ఖాళీ చోటు దగ్గరా ఆగింది. వట్టి తీగను ఒకసారి నాకి, వెళ్లి పన్నెండో నంబరు కిటికీ కింద పడుకుంది.

రత్నాకర్‌ను ఊరికి పంపే కాగితాలకు తొమ్మిది రోజులు పడుతుందన్నారు. వాసంతి మేడం చెడ్డ మనిషి కాదు. వాసంతిని పట్టుకుని ఆమె కూడా ఏడ్చింది. కానీ చేతిలో మూడు నెలల పసిపిల్ల, మొగుడికి ఆఫీసు. కొత్త పనిమనిషి రావడానికి నెలన్నర పడుతుందని ఏజెన్సీ చెప్పింది. ఆమె వచ్చాక వెళ్దువులే అంది. సరే మేడం అంది వాసంతి. ఆ ఇంట్లో ఆమె బాగా నేర్చుకున్న మాటలు అవి రెండే.

శనివారం పోచన్న రత్నాకర్ సంచి పట్టుకుని అజ్మాన్ బయల్దేరాడు. డీజిల్ పోయించుకురావాలని చెప్పి అమీర్ జాన్ ఖాళీ బస్సు తీశాడు. క్యాంపు గేటు దాటుతుండగా అద్దంలో చూసి నెమ్మది చేశాడు. మూస్ వెనకాల వస్తోంది. అది అడుగు పెట్టే తీరు తొందరపడేది కాదు, ఆగేదీ కాదు. లారీలు దానికి దారి ఇచ్చాయి. చౌరస్తా దగ్గర కార్లు వరుసగా నిలబడ్డాయి.

"ఆనే దో, చాచా," అన్నాడు అమీర్ జాన్. "నమక్ ఖాయా హై ఉస్కా."

ఎవరి ఉప్పు తిన్నదని ఇతను అనుకుంటున్నాడో పోచన్నకు తెలుసు. ఇరవై రోజులుగా అది తిన్నది మెస్సు ఉప్పు. ఆ మాట చెప్పకుండా అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

వాసంతి గేటు దాకా వచ్చి సంచి తీసుకుంది. అందులో రెండు కవరాళ్లు, ఒక దువ్వెన, వాసంతి ఫోటో, సగం వాడిన తలనూనె. పోచన్న ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. ఇంట్లోంచి పిల్ల ఏడ్చింది. వాసంతి లోపలికి వెళ్లిపోయింది. బస్సు తిరిగి సజ్జా రోడ్డు ఎక్కేటప్పుడు ఎదురుగా మూస్ వస్తూ కనిపించింది. తల తిప్పి చూడకుండా వాళ్లను దాటి వెళ్లింది.

తర్వాతి సంగతులు పోచన్నకు వాసంతి ఫోన్లో చెప్పింది. మూస్ వచ్చి ఆ ఇంటి గేటుకు అడ్డంగా నిలబడింది. పొద్దున ఇంటాయన కారు తీసి హారన్ కొట్టాడు. అది చెవులు మాత్రం తిప్పింది, ఒకటి అటు, ఒకటి ఇటు. ఆయన కాసేపు చూసి, కారు దిగి, టాక్సీలో ఆఫీసుకు వెళ్లాడు. పక్కింటి వాచ్‌మన్ తెచ్చిన క్యాబేజీ ఆకులు తిన్నది గానీ కదల్లేదు. మున్సిపాలిటీ మనిషి వచ్చి, గేటు ముందు మూస్ ఉందని రాసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్లాడు. రెండో రోజూ అంతే. ఎండలో దాని నోటి నుంచి నురగ కారుతుంటే మేడం పైపు పెట్టి తడపమంది. వాసంతి గేటు అవతలికి వెళ్లి దాని వీపు మీద నీళ్లు పట్టింది. తడుపుతూ తడుపుతూ దాని మెడ మీద తల ఆనించి నిలబడిపోయిందట. ఎంతసేపో తనకు తెలియదంది. మేడం కిటికీలోంచి చూసింది.

మూడో రోజు పొద్దున మేడం పిల్లను చంకన వేసుకుని వంటింట్లోకి వచ్చి వాసంతి పాస్‌పోర్టు పొయ్యి గట్టు మీద పెట్టింది. "నా అత్తగారిని పిలిపించుకుంటాను. నువ్వు అతని వెంట వెళ్లు," అంది. ఎందుకు మనసు మారిందో ఆమె చెప్పలేదు, వాసంతి అడగలేదు. బయటికి వచ్చి చూస్తే గేటు ముందు ఎవరూ లేరు.

జూలై పదమూడున షార్జా నుంచి హైదరాబాద్ విమానంలో వాసంతి పైన సీట్లో, రత్నాకర్ కింద సామాన్ల చోటులో, ఇద్దరూ కలిసి వెళ్లారు. మూడున్నర గంటలు. ఆ దేశం వచ్చాక వాళ్లిద్దరూ అంతసేపు ఒకచోట ఉన్నది అదే మొదటిసారి. "నడుమ ఎవ్వలు టైమైందనలేదు మామా," అంది వాసంతి ఊరికి చేరాక, ఫోన్లో. ఏడుపు లేని గొంతుతో అంది. పోచన్నే ఫోన్ పెట్టేసి కక్కసు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

మూస్ సజ్జాకు తిరిగి వచ్చింది. ఇప్పటికీ పొద్దుగూకే వేళకు వస్తుంది. పోచన్న ఇప్పుడు తన కవరాల్‌ను అన్నిటికన్నా చివర వేస్తున్నాడు. అది తన గుడ్డను దాటేసి పోవాలని ఒక్కోరోజు నిలబడి ఎదురుచూస్తాడు. అది దాటదు. వరుసలో వచ్చి, అందరిదీ నాకినట్టే, రెండుసార్లో మూడుసార్లో నాకి వెళ్లిపోతుంది. దానికి పగ లేదు. ఉంటే బాగుండేదని పోచన్నకు అనిపిస్తుంది. ఆ మధ్య క్యాంప్ బాస్‌కు జరిగిందంతా చెప్పేశాడు. ఆయన విని, నోటుబుక్కు మూసి, ఖలాస్ చాచా, పోయినవాడు పోయాడు, పడుకో అన్నాడు. చెప్పాల్సిన మనిషి ఆయన కాదని పోచన్నకు తెలుసు.

వాసంతి ఊళ్లో బీడీలు చేస్తోంది. నెలకొకసారి, మంగళవారం నాడు, అతనికి ఫోన్ చేస్తుంది. తిన్నవా మామా అని అడుగుతుంది, ఎండలు ఎట్లున్నయని అడుగుతుంది. పెట్టేసే ముందు ప్రతిసారీ ఇంకొకటి అడుగుతుంది.

"మామా, ఆయనకు ఎప్పటిసంది బాగలేకుండె? నీకేమన్న చెప్పిండా?"

"సిగ్నల్ సక్కగ లేదు బిడ్డా," అంటాడు పోచన్న. "మళ్ల చేస్త."

బకెట్టులో ఉప్పు కలిపింది తనేనని ఆమెకు చెప్పాలి. అది ఏ మాటతో మొదలుపెట్టాలో పోచన్నకు ఇంకా రాలేదు.